‘ఊరక’ అనే టేపు

మొన్న బుధవారం కొరియర్ అతను వచ్చి కాలింగ్ బెల్ నొక్కితే ఎందుకో నాకు ఒళ్ళు మండింది. మా బావ బతికున్నన్నాళ్ళూ మాధవరంలో మా ఇంటి బెల్లు ఒక్కసారి కూడా నొక్కలేదు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి గ్రిల్లు మీద మూడు చోట్ల కొట్టి, చెవి ఆనించి, "ఈ యేడు బాగా తుప్పు పట్టినాది అయ్యోరా, కింద సద్దు మారిపోయినాది" అని చెప్పి, అప్పుడు చెప్పులు విప్పేవాడు. అయ్యోరంటే నేనే. బడి పంతులుని కాబట్టి నాకు ఆ పేరు పెట్టాడు.

కొరియర్ తెచ్చిన పొట్లంలో పది క్యాసెట్లున్నాయి. బావ పోయి అప్పటికి ఇరవై రోజులు. చివరి ఎనిమిది నెలలూ ప్రతి ఆదివారం ఆయన నన్ను అడిగింది ఒకే మాట: "వచ్చిందా?" ఆయన అడిగింది ఈ పదింటిలో ఒక్కదాని కోసం. ఆ ఒక్కదాన్ని పాడుచేసింది నేను. తొండియార్‌పేటలో ముప్పై యేళ్ళకు పైగా పిల్లలకు తెలుగు చెబుతున్న నేను, ఒక తెలుగు మాటకు తప్పు అర్థం రాసి పాడుచేశాను.

బావ అంటే మా అక్క మొగుడు. మనలిలో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో, కంప్రెసర్ల గదిలో పనిచేసి రిటైరయ్యాడు. పుట్టిందెక్కడ, చదివిందెంత అని రాస్తే నాలుగు వాక్యాల్లో అయిపోతుంది, అందులో ఆయన ఉండడు. ఆయన చేసే పనికి బయటి దేశాల్లో నాయిస్ మ్యూజిక్ అని పేరుందట. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వాళ్ళ వీధిలో పిల్లలు మాత్రం ఎప్పుడో ‘ఇరైచ్చల్ మామా’ అని పేరు పెట్టేశారు. అరవంలో ఇరైచ్చల్ అంటే రొద.

పాత అలారం గడియారాల్లో పలచటి ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. దానికి రెండు తీగలు అతికించి, కరెంటు పనివాళ్ళు వాడే నల్ల టేపుతో దేనికంటే దానికి అంటించేవాడు. ఇడ్లీ కుండకి, బస్సు కిటికీ ఊచకి, రేకుల షెడ్డుకి. అంటించగానే ఆ వస్తువు కడుపులో సద్దు ఆంప్లిఫయర్లోకి వచ్చేది. దాన్ని క్యాసెట్లో పట్టి, దాని మీద ఇంకో సద్దు వేసి, స్పీకరుకి ఎదురుగా మైకు పెట్టి కీచుమనిపించి, ఆ కీచుని రెండు చేతులా మరలు తిప్పుతూ అరగంట నడిపించేవాడు. నా పెళ్ళిలో నాదస్వరం వాళ్ళు చెమటలు కక్కుతూ వాయిస్తుంటే, మా బావగారు వంటశాలలో సాంబారు అండాకి బిళ్ళ అంటించుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. "ఆయన కరెంటు పనికొచ్చినోడా?" అని మా మామగారు అడిగారు. నా పరువు ఏ గంగలో కలవాలో నాకు తెలియలేదు.

"సద్దు కాదు బావా, శబ్దం అనాలి" అని సరిదిద్దేవాణ్ణి. నాకు ఆ జబ్బు ఉంది, ఎదుటివాడి మాట సరిచేయకపోతే అన్నం సహించదు.

"శబ్దం నోట్లోంచి వస్తాది అయ్యోరా. సద్దు కడుపులోంచి వస్తాది. నేను పట్టేది సద్దే" అనేవాడు.

"అసలు ఎందుకు బావా ఇదంతా?" అంటే మాత్రం ఒకటే జవాబు. "ఊరికే."

ఫ్యాక్టరీ వాళ్ళడిగినా ఊరికే. ఒకసారి రైలు వంతెన కింద బిళ్ళ అంటిస్తుంటే పట్టుకున్న ఆర్పీఎఫ్ అతనికీ, "చుమ్మా సార్" అని, అదే మాట అరవంలో చెప్పాడట. నలభై యేళ్ళు ఒక మనిషి ఊరికే ఎలా చేస్తాడు ఆ పని? నేను ఆ ప్రశ్న అడగలేదు. ఆయన టేపు ఒక్కటీ పూర్తిగా వినలేదు కూడా.

అక్క మాట వేరు. అక్క మాట ‘ఊరక’. మా ఇళ్ళలో ఊరక ఉండు అంటే నోరు మూసుకో అని కాదు, చేస్తున్న పని ఆపి, కదలకుండా, సద్దు చేయకుండా కాసేపు ఉండమని. అక్కకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఆయాసం ఎక్కువైనప్పుడు చెయ్యెత్తి, "కొంచేపు ఊరక ఉండబ్బా" అనేది. బావ వెంటనే అన్నీ ఆర్పేసి గోడకానుకుని కూర్చునేవాడు. ప్రపంచంలో ఆయన చేత స్విచ్చి కట్టించగలిగింది అక్క ఒక్కతే.

తొండియార్‌పేటలో వాళ్ళ ఇంటి ముందు ఇనప గేటు ఒకటుంది. దానికి నూనె పెట్టనివ్వలేదు ఇద్దరూ. అక్క లోపల పొయ్యి దగ్గరుండి, గేటు సద్దుని బట్టి వచ్చిందెవరో చెప్పేసేది. పాలవాడిది ఒక తీరు, పక్కింటావిడది ఒక తీరు. నేను గేటు తోసి, గడియ తగులుకుంటే ఒకసారి ఆగి, విసుక్కుని మళ్ళీ తోస్తానట. "మా అబ్బోడొచ్చినాడు, ఇంకో గ్లాసు బియ్యం పోస్తా" అని అక్క లేచేది. బావ ఆ సద్దుని కూడా పట్టి, క్యాసెట్ మీద ‘అయ్యోరి గేటు’ అని రాసి పెట్టుకున్నాడు. ఆ చీటీ చూసి నేను పడీ పడీ నవ్వాను.

ఒకసారి నుంగంబాక్కంలో చిన్న హాల్లో ఆయన కచేరీ పెట్టారు. వేసిన కుర్చీలు పాతిక, కూర్చున్నవాళ్ళు పదకొండు మంది. మొదలైన ఐదు నిమిషాలకు నా పళ్ళు జివ్వుమన్నాయి, బయటికొచ్చి టీ తాగి రోడ్డు మీద నిలబడ్డాను. అయిపోయాక లోపలికి వెళితే నలుగురు మిగిలారు. ముందు వరసలో అక్క, కొంగు చెవులకు అడ్డం పెట్టుకుని, కదలకుండా.

"ఎట్టా కూర్చున్నావక్కా అంతసేపు?" అన్నాను.

"నేను లేస్తే ఆయన ఆపేస్తాడు గదరా" అంది.

ఆ మాట నాకు నచ్చలేదు. ఆ మనిషి మా అక్కను చెవులు మూసుకుని బతికేలా చేశాడని నా మనసులో పడిపోయింది. ఆ కోపాన్ని చాలా ఏళ్ళు పెంచుకున్నాను.

కరోనా రోజుల్లో అక్కకి ఆయాసం ముదిరింది. కరోనా కాదు, పాత జబ్బే. ఆస్పత్రికి పోనని మొండికేసింది. ఒక మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. "మీ అక్క నిన్ను చూడాలంటా ఉండాది. రాగలవా?" అన్నాడు. బయల్దేరుతున్నా అన్నాను, బయల్దేరాను కూడా. స్కూటర్ మీద మూలకడై దాకా వెళ్ళాను. అడ్డంగా బారికేడ్లు, నలుగురు పోలీసులు. నా దగ్గర పాస్ లేదు. ఇక్కడ నిజం రాయాలి. నన్ను ఎవరూ ఆపలేదు. వాళ్ళు నన్ను చూడనైనా లేదు. ఓ యాభై గజాల దూరంలోనే నేను బండి తిప్పేశాను. బతిమాలితే వదిలేవాళ్ళేమో. నాకు భయం వేసింది, కర్రకీ, రోగానికీ కూడా. ఇంటికొచ్చి, రాలేకపోయానని ఫోన్ చేసే ముఖం లేక ఊరుకున్నాను.

పొద్దు వాలాక బావ ఫోన్ చేశాడు. "మీ అక్క ఊరకైపోయినాది అయ్యోరా" అన్నాడు.

నాకు దుఃఖం కంటే ముందు రోషం వచ్చింది. చచ్చిపోయిందని చెప్పడానికి కూడా మాట సరిగా రాదా ఈ మనిషికి అనిపించింది. ఎందుకు రాలేదని ఆయన అప్పుడు అడగలేదు, తరవాతా అడగలేదు. పదిహేను రోజుల తరవాత వెళ్ళినప్పుడు, నా తప్పు కప్పుకోవడానికి కాబోలు, నేనే ఎగబడ్డాను. "నీ రొదతోనే చంపావు మా అక్కని" అన్నాను.

కంప్రెసర్లు ఆయన చెవులు అప్పటికే సగం తినేశాయి. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఇనపడలా. మళ్ళా జెప్పు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. ఈసారి గట్టిగా చెప్పాను. ఆయన తల ఊపి, లోపలికి పోయి కాఫీ పెట్టాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆయనకి ఇక మిగిలిన చుట్టం నేనే కదా అని, ఆదివారాలు వెళ్ళడం మానలేకపోయాను.

తరవాత రెండేళ్ళకి చెవులు పూర్తిగా పోయాయి. నేను బడి నుంచి ఒక పలక తెచ్చిచ్చాను, చెప్పాల్సింది దాని మీద రాయడానికి. ఆయన మాత్రం టేపులు మానలేదు. ఆయన క్యాసెట్ డెక్కులో సద్దుని బట్టి ఊగే ముల్లు ఒకటుంది, చిన్న దీపం వెలుగులో. దాని ముందు కూర్చుని చూసేవాడు. "చెవుటోడి ముందు శంఖం అంటారు గదా. చెవుటోడికి ఊదేవాడి బుగ్గలు కనపడతాయి అయ్యోరా, అది చాలు" అని నవ్వేవాడు.

అప్పుడొచ్చింది ఆ ఉత్తరం. కచేరీకి వచ్చిన పదకొండు మందిలో ఎవరో ఫోన్‌లో పట్టుకున్నది ఎక్కడెక్కడో తిరిగి, ఒక చలిదేశంలో ఇలాంటి సద్దుల క్యాసెట్లు వేసే ఆవిడ దగ్గరికి చేరిందట. బావ చేసినదంతా ఏరి, పది టేపులు ఒకే పెట్టెలో వేస్తానని ఇంగ్లీషులో రాసింది. బావకి ఇంగ్లీషూ రాదు, ఈమెయిలూ లేదు. ఆ పని నా నెత్తిన పడింది.

బావ నెల రోజులు టేపులు ముందేసుకుని కూర్చున్నాడు. అరవై నాలుగింటిలోంచి పది ఏరాడు. వరస కూడా ఆయనే పెట్టాడు. మొదటిది ‘అయ్యోరి గేటు’. మధ్యలో ‘కంప్రెసరు పెద్దామె’, ‘కంప్రెసరు చిన్నామె’, ‘జడివానలో రేకు’, ‘అండా’, ఇలా ఎనిమిది. కడాది ‘ఊరక’.

"ఇందులో ఏముంది?" అని పలక మీద రాశాను.

"ఇను. తెలుస్తాది" అన్నాడు.

వినలేదు. పరీక్ష పేపర్లు దిద్దాల్సినవి మూడు కట్టలున్నాయి. స్టాఫ్ రూంలో కూర్చుని పది పేర్లకీ ఇంగ్లీషు రాసి, టేపులతో కలిపి కొరియర్‌లో పడేశాను. ‘ఊరక’ దగ్గర ఒక్క నిమిషం ఆగినట్టు గుర్తు. ఆయన జీవితమంతా అన్న ‘ఊరికే’ చెవిలో మోగింది. ఊరికే, ఏమీ లేదు, వట్టిది. ‘నథింగ్’ అని రాశాను. అది అక్క మాట అని నాకు తట్టలేదు. ఇంట్లో పుట్టి పెరిగిన మాట, నా నోట్లో కూడా ఉన్న మాట.

నెలకి ఆవిడ రాసింది: పదో టేపు పేరు నథింగ్ అని ఉంది, మొదట్లో కాసేపు విన్నాం, ఏమీ వినపడలేదు, ఖాళీ టేపా? ఖాళీదైతే, మా యంత్రాన్ని సరిచూసుకోవడానికి ఆ కాలపు క్యాసెట్ ఒకటి అవసరం, దీన్ని వాడుకోవచ్చా?

బావని అడగాలి కదా? అడగలేదు. ‘ఎస్’ అని కొట్టాను. మూడక్షరాలు, ఒక్క మాట.

పెట్టె వచ్చింది. చాలా బాగుంది, నల్లటి అట్ట, లోపల ఒక పుస్తకం, అందులో బావ చేతుల ఫొటో. బావ దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేలితో లెక్కపెట్టాడు. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాడు. మొదటి టేపు డెక్కులో వేశాడు.

ముల్లు లేచింది. "సూడు, నువ్వొచ్చినావు" అన్నాడు. "రెండు సార్లు ఎగిరి, ఆగి, మళ్ళా ఎగరతాది. అది నువ్వే."

నాలుగు మధ్యాహ్నాలు పట్టింది తొమ్మిదీ చూడ్డానికి. అట్ట మీద పడే పేరు కాదు, లోపల సద్దు ముఖ్యం కదా, ఇంకోదాని వెనకవైపున దాన్ని కలిపి ఉంటారేమోనని ఆయన ఆశ. నాలుగోరోజు నేనూ ఉన్నాను. తొమ్మిదోది అయిపోయింది. ముల్లు పడుకుంది. బావ టేపు బయటికి తీసి పెట్టెలో పెట్టాడు.

"కడాది ఏడ?" అన్నాడు.

పలక మీద రాశాను: ఖాళీ టేపు కదా, వదిలేశారు.

"ఖాళీ అని ఎవురు జెప్పినారు?"

నేను నా రొమ్ము తట్టి చూపించాను. సిగ్గు కూడా పడలేదు అప్పుడు. ఆయన నా మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. నా మీద జాలిపడ్డాడని ఇప్పుడు తెలుస్తోంది.

"టేపు ఎనక్కి పంపిస్తారా?" అన్నాడు.

తల ఊపాను.

"సరి."

అక్కడి నుంచి మొదలైంది "వచ్చిందా?" ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. గేటు తోసుకుని వెళ్ళేసరికి వాకిట్లోనే కుర్చీ వేసుకుని ఉండేవాడు. "వచ్చిందా?" లేదని చెయ్యి ఊపేవాణ్ణి. చివరి ఆదివారం నాకు చిరాకేసి పలక మీద పెద్దక్షరాలతో రాశాను: ఖాళీ టేపు కోసం ఎందుకు బావా ఇంత యావ? ఆయన చదివి, అరచేత్తో తుడిచేశాడు.

"ఊరికే" అన్నాడు.

ఆ గురువారం మధ్యాహ్నం పక్కింటావిడ ఫోన్ చేసింది. డెక్కు ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. దీపం వెలుగుతోంది, లోపల టేపు లేదు. కొరివి నేనే పెట్టాను.

మొన్న పొట్లం విప్పితే ‘ఊరక’ మీద ఆవిడ పసుపుపచ్చ చీటీ అంటించి ఉంది. మీరు చెప్పినట్టే వాడుకున్నాం, చాలా ఉపయోగపడింది, కృతజ్ఞతలు. చదివి, సరేలే అనుకున్నాను. ఆదివారం పదింటినీ సంచిలో వేసుకుని తొండియార్‌పేట వెళ్ళాను, మిగతావాటితో కలిపి బీరువాలో పెట్టేద్దామని. గేటు తోశాను. గడియ తగులుకుంది. మళ్ళీ తోశాను. లోపల లేచేవాళ్ళు ఎవరూ లేరు.

ఎందుకు వేశానో తెలియదు. ఎనిమిది నెలలు అడిగాడు కదా, ఒక్కసారైనా ఆ డెక్కులో తిరగనీ అనుకున్నాను. నొక్కగానే కూ... అని ఒకటే కూత. ఎక్కడా తగ్గదు, హెచ్చదు. ముల్లు మేకు కొట్టినట్టు ఒకేచోట నిలబడింది. ఇదే ఆవిడ యంత్రాన్ని సరిచూసుకోవడానికి టేపు మీద ఎక్కించిన కూత. ఐదు నిమిషాలు, పది, ఇరవై. తల పగిలిపోతోంది. అయినా బావ ఏ టేపునీ మధ్యలో ఆపేవాడు కాదని కూర్చున్నాను.

కూత పుటుక్కున తెగింది. ముల్లు పడిపోయింది. అయిపోయిందని లేచాను. ముల్లు కొంచెం కదిలింది. పడుకుంది. మళ్ళీ కదిలింది.

సద్దు పెంచాను. ఊపిరి. సన్నగా పిల్లికూతలతో లోపలికి పోయి, ఆగి, ఈడ్చుకుంటూ బయటికొస్తున్న ఊపిరి. చిన్నప్పుడు ఒకే చాప మీద పడుకుని, ఆ పిల్లికూతలు వింటూనే నేను నిద్రపోయేవాణ్ణి. వెనకాల ఇంకేమీ లేదు. లారీ లేదు, హారన్ లేదు, తొండియార్‌పేటలో ఎన్నడూ లేని నిశ్శబ్దం. ఏ రోజో నాకు అర్థమైంది, డెక్కు ముందు కింద కూర్చున్నాను.

"ఆడ ఏం జేస్తా ఉండావబ్బా?" అంది అక్క.

"ఏం లేదు. ఊరికే" అన్నాడు బావ.

నాలుగైదు ఊపిర్లు.

"అబ్బోడు బయల్దేరినాడా?"

"బయల్దేరినాడు. ఫోన్‌లో జెప్పినాడు గదా. ఈపాటికి మూలకడై దాటేసి ఉంటాడు."

"అయితే ఊరక ఉండు" అంది. మాట మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు. "వాడొస్తే... గేటు సద్దు ఇనపడాల."

బావ మళ్ళీ మాట్లాడలేదు. కదిలిన సద్దు కూడా లేదు. ఊపిరి వస్తోంది, పోతోంది. ముల్లు లేస్తోంది, పడుతోంది. ఇద్దరూ వింటున్నారు. వాళ్ళతో పాటు నేనూ విన్నాను, టేపు టక్కుమని ఆగేదాకా.

గేటు మోగలేదు.